రేడియేషన్ జరుగుతున్న రోజుల్లో మనుమడిని ఎత్తుకోవచ్చా?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసి, కీమో కూడా పూర్తి చేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో 15 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టించుకోవాలన్నారు. మా ఊళ్లోనే ఇంకొకరికి 25 రోజులు పెట్టారు. నాకు తక్కువ పెడుతున్నారేమోనని అనుమానంగా ఉంది. కాన్పుకు వచ్చిన మా బిడ్డ ఇంట్లోనే ఉంది. పసివాణ్ని ఎత్తుకోవద్దని, నా కంచం, చెంబు వేరుగా పెట్టాలని మా అత్తమ్మ అంటున్నారు. యురేనియం తవ్వకాలు వద్దని కొట్లాడిన ప్రాంతం మాది. ఆ రేడియేషన్‌నే ఒంట్లోకి ఎక్కించుకుంటున్నానని భయంగా ఉంది. పత్తి ఏరే రోజులు కాబట్టి మధ్యలో నాలుగు రోజులు ఆగవచ్చా? చర్మం కాలుతుందని కూడా అంటున్నారు.

జవాబు: అమ్మా, ముందుగా మనుమడి సంగతి. నిస్సంకోచంగా ఎత్తుకోండి, పక్కలో పడుకోబెట్టుకోండి. కంచం, చెంబు, పడక వేరు చేయవలసిన అవసరం ఏ మాత్రం లేదు. మీకు బయటి నుంచి చికిత్స ఇచ్చే లీనియర్ యాక్సిలరేటర్ అనే యంత్రం విద్యుత్తు సాయంతో ఎక్స్‌రే కిరణాలను పుట్టిస్తుంది. బల్బు ఆర్పగానే గదిలో వెలుతురు మిగలనట్టే, యంత్రం ఆపిన క్షణంలో ఆ కిరణాలు కూడా ఉండవు. అవి మీ ఒంట్లో గాని, బట్టల్లో గాని, చెమటలో గాని నిలిచి ఉండవు.

యురేనియం సంగతి వేరు. అది ఎవరూ ఏ మీటా నొక్కకపోయినా తనంతట తాను కోట్ల ఏళ్లపాటు కిరణాలను వెలువరిస్తూనే ఉండే ఖనిజం. తవ్వితే దాని దుమ్ము, వ్యర్థాలు గాలిలోకీ నీటిలోకీ చేరతాయేమోనని మీ ప్రాంతంలోని లంబాపూర్, పెద్దగట్టు ప్రజలు ఆందోళన చెందారు. నల్లమలలో తవ్వకాలు వద్దని 2019లో తెలంగాణ శాసనసభ కూడా తీర్మానం చేసింది. ఆ భయానికి కారణం ఉంది. కానీ కొలత ప్రకారం, ఒకే చోటికి, కొద్ది నిమిషాలు మాత్రమే తగిలే మీ చికిత్సకు ఆ భయాన్ని అంటగట్టకండి. ఈ మాట అత్తమ్మకు మీరు చెబితే నమ్మకపోవచ్చు కనుక, ఒకసారి ఆమెను వెంట తీసుకువెళ్లి డాక్టరుతోనే చెప్పించండి. చికిత్స తీసుకునే మనిషిని ఇంట్లోనే దూరం పెట్టడం నాకు ఆ జబ్బుకన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది.

మీకు తక్కువ పెడుతున్నారనే అనుమానం కూడా వదిలేయండి. గతంలో 5 వారాల్లో 25 విడతలుగా 50 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) ఇచ్చేవారు. ఇప్పుడు చాలామందికి రోజూ ఇచ్చే మోతాదును కొంచెం పెంచి 3 వారాల్లో 15 విడతలుగా 40 గ్రే ఇస్తున్నారు. బ్రిటన్‌లో వేలమంది మహిళలను పదేళ్లపాటు గమనించి, ఈ పద్ధతిలో జబ్బు అదుపులో ఏ లోటూ లేదని, రొమ్ము కుంచించుకుపోవడం వంటి ఇబ్బందులు ఇంకా తక్కువేనని తేల్చారు. కొందరికి గడ్డ ఉన్న చోట అదనంగా నాలుగైదు రోజులు ఇస్తారు. మీకు అలా చెబితే జబ్బు పెరిగిందని అనుకోకండి.

మీది ఎడమ రొమ్ము కాబట్టి గుండెకు కిరణాలు తగలకుండా, కొన్ని కేంద్రాల్లో గాలి గట్టిగా పీల్చి దాదాపు 20 సెకన్లు బిగబట్టమంటారు. ఊపిరితిత్తులు నిండినప్పుడు గుండె ఛాతీ గోడకు కొంచెం దూరంగా జరుగుతుంది. ఇప్పటి నుంచే ఇంట్లో పడుకుని అలవాటు చేసుకోండి. చేయి తలపైకి ఎత్తి కదలకుండా ఉంచాలి కనుక, ఆపరేషన్ తరువాత భుజం బిగుసుకుని ఉంటే ఫిజియోథెరపీ వ్యాయామాలు ఈ రోజే మొదలుపెట్టండి. మొదట సీటీ స్కాన్ తీసి ఒంటి మీద గుర్తులు పెడతారు. వాటిని రుద్ది చెరిపేయకూడదు. చికిత్స సమయంలో నొప్పి ఉండదు, వేడి తగలదు. ఈ చికిత్స వల్ల తలవెంట్రుకలు రాలవు, కీమోకు రాలినవి మెల్లగా వస్తూనే ఉంటాయి.

మధ్యలో ఆగవచ్చా అన్న ప్రశ్నకు నా సమాధానం కచ్చితంగా ఆగకూడదనే. సోమవారం నుంచి శుక్రవారం దాకా వరుసగా ఇవ్వడంలోనే ఈ చికిత్స బలం ఉంది. ఎడం ఇస్తే మిగిలిన క్యాన్సర్ కణాలు కోలుకుని పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. యంత్రం చెడిపోయో, పండుగ సెలవు వచ్చో ఒక రోజు తప్పితే దాన్ని ఎలా సర్దాలో డాక్టర్లు చూసుకుంటారు. మీ అంతట మీరు మానడం వేరు. ఈ ఏడు పత్తి చేనుకు వెళ్లనే వద్దు. ఎండిన కాయ మొనలు గీరుకుంటే, చంకలో గ్రంథులు తీసిన వైపు చేతికి చీము పట్టి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

రోజూ దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా వచ్చి వెళ్లడం వైద్యపరంగా తప్పు కాదు. మహాలక్ష్మి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయినా రెండో వారం దాటాక నిద్ర పోయినా తీరని అలసట వస్తుంది కనుక, హైదరాబాద్‌లో బంధువుల ఇల్లు ఉంటే ఆ మూడు వారాలు అక్కడే ఉండమని నా సలహా. ఖర్చుకు ఆరోగ్యశ్రీ ఉంది. దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షల రూపాయలకు పెంచారు. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో కూడా ఈ చికిత్స ఉంది. అలసట ఉందని రోజంతా మంచం మీదే ఉండకండి. సాయంత్రం చల్లబడ్డాక కాసేపు నడిస్తే అలసట తగ్గుతుంది. పత్యం పేరుతో పప్పు, గుడ్డు, మాంసం మానేయవద్దు. చర్మం మానడానికి అవే కావాలి.

చర్మం ఎండ తగిలినట్టు ఎర్రబడి, తరువాత నల్లబడి, పొడిబారి రాలుతుంది. రొమ్ము కింది మడతలో, చంకలో చెమట ఒరుసుకుని పొర ఊడి తడిగా మారవచ్చు. ఇది చికిత్స ముగిసిన తరువాత వారం, పది రోజుల్లో ఎక్కువై, ఆపైన నాలుగు వారాల్లో మానుతుంది. అందుకే అన్నీ అయిపోయి ఇంటికి వచ్చాక పెరుగుతున్నదని కంగారు పడకండి. గోరువెచ్చని నీటితో, ఘాటు లేని సబ్బుతో కడిగి, మెత్తని గుడ్డతో అద్దండి. పసుపు, పౌడరు, ఆకు పసర్లు రాయకూడదు, కాపడం పెట్టకూడదు. డాక్టరు చెప్పిన క్రీమ్ చాలు. బిగుతు జాకెట్టు మాని, ముందు గుండీలున్న వదులైన నూలు జాకెట్టు తొడుక్కోండి. పుస్తెలతాడు చికిత్స జరిగే చోట ఉండకూడదు, ఒరుసుకుంటే పుండు కూడా పడుతుంది. తీయడానికి మనసు ఒప్పుకోదని నాకు తెలుసు. ఆ కొద్దిసేపు వెంట వచ్చిన వారి చేతికి ఇచ్చి, బయటికి రాగానే వేసుకోండి. ఇంట్లో కూడా చర్మం మానేదాకా చీర కొంగు మీదుగా వేసుకుంటే ఒరుసుకోదు.

ప్రశ్న: మా అమ్మకు కుడి రొమ్ముకు రేడియేషన్ ముగిసి మూడు నెలలైంది. పది రోజులుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నాయి. కుడి చేయి కూడా కొంచెం వాచింది. జబ్బు తిరగబెట్టిందా? మాది మహబూబ్‌నగర్.

జవాబు: చూడకుండా అలా అనుకోవలసిన పని లేదు. కిరణాలు తగిలిన ఊపిరితిత్తి భాగం, చికిత్స ముగిసిన కొద్ది వారాల నుంచి ఆరు నెలల లోపు వాచి ఇలాంటి దగ్గు, ఆయాసం తెస్తుంది. అందరికీ రాదు, వచ్చినవారికి మందులతో తగ్గుతుంది. దగ్గు సిరప్పులతో కాలం గడపకుండా ఎక్స్‌రే గాని, సీటీ గాని తీయించి, టీబీ పరీక్ష కూడా చేయించండి. ఏ వైపు ఎంత మోతాదు ఇచ్చారో రాసిన రేడియేషన్ కాగితాన్ని తప్పక వెంట తీసుకువెళ్లండి. అది చూడకపోతే కొత్త డాక్టరు దీన్ని మామూలు న్యుమోనియా అనుకునే వీలుంది.

చేతి వాపు చంక గ్రంథులకు ఆపరేషన్, కిరణాలు రెండూ జరిగినవారిలో ఎక్కువ. మొదట్లోనే బిగుతు తొడుగు, వ్యాయామం, మర్దన నేర్పిస్తే అదుపులో ఉంటుంది. కానీ ఆ చేయి ఎర్రబడి, వేడిగా ఉండి, జ్వరం కూడా వస్తే అది ఇన్ఫెక్షన్ కావచ్చు. యాంటీబయాటిక్ ఆలస్యమైతే రక్తంలోకి పాకుతుంది. అటువంటప్పుడు క్యాన్సర్ ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా, అదే రోజు మీ జిల్లా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.