వారానికి 75 డాలర్ల కారు అసలు ఎంతకు పడుతుంది?

ప్రశ్న: మేము ఆక్లాండ్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి మూడేళ్లు. సంక్రాంతి తర్వాత అత్తయ్య, మామయ్య వచ్చి ఐదు నెలలు ఉంటారు. జపాన్ నుంచి దిగుమతైన, 2014 నాటి ఏడు సీట్ల టయోటా ప్రియస్ ఆల్ఫా ఒకటి చూశాం. ధర 17,000 డాలర్లు. మా పొదుపు మొత్తం 20,000. మూడు వేలు ముందు కట్టి, మిగతాది ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే వారానికి 75 డాలర్లే అని డీలర్ అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ ‘75 డాలర్లే’ సంగతి చూద్దాం. ఐదేళ్లంటే 260 వారాలు. 260 సార్లు 75 కడితే 19,500 అవుతుంది. మీరు తీసుకునే అప్పు 14,000. మిగతా 5,500 వడ్డీ. రేటు దాదాపు 14 శాతం. ఆ ఐదేళ్లూ మీ పొదుపులో మిగిలిన 17,000 బ్యాంకులో అందులో సగం వడ్డీ కూడా తేకుండా పడి ఉంటుంది. ఒక చేత్తో తక్కువ వడ్డీకి దాచి, మరో చేత్తో ఎక్కువ వడ్డీకి అప్పు చేయడమన్నమాట.

ఈ కారే కావాలనుకుంటే నేను చెప్పేది ఇది: 13,000 చేతి నుంచి కట్టండి, 4,000 మాత్రం ఏడాదిన్నరకు అప్పు తీసుకోండి. అదే 14 శాతం అయినా వారానికి 57 డాలర్లు, మొత్తం వడ్డీ 460 లోపే. వాయిదా తగ్గింది, వడ్డీ పన్నెండో వంతుకు దిగింది, ఆపదకు చేతిలో 7,000 మిగిలింది. ఆ ఏడు వేలను ముట్టుకోకండి. డీలర్ కన్నా ముందు మీ బ్యాంకునో, క్రెడిట్ యూనియన్‌నో (సభ్యుల సహకార పరపతి సంఘం) రేటు అడగండి. ఇంకొకటి. అప్పు ఒప్పందాన్ని కొద్ది రోజుల్లో రద్దు చేసుకునే హక్కు న్యూజిలాండ్ చట్టంలో ఉంది. కానీ అప్పు రద్దయినంత మాత్రాన కారు కొనుగోలు రద్దు కాదు. బండి ఇంటికి తెచ్చుకున్నాక దాని ధర మొత్తం కట్టాల్సిందే. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

ఇక బండి. డీలర్‌ను జపాన్ వేలం షీటు అడగండి. వేలానికి ముందు కారును పరీక్షించినవారు నింపే ఒక పేజీ కాగితం అది. గ్రేడు 4 ఉంటే బాగున్నట్టు, 3.5 ఫరవాలేదు, ‘ఆర్’ అని ఉంటే దెబ్బతిని బాగుచేసిన బండి. పక్కనే కారు బొమ్మ ఉంటుంది. దాని మీద ‘ఎ’ అంటే గీత, ‘యు’ అంటే సొట్ట, ‘డబ్ల్యూ’ అంటే మరమ్మతు చేసిన చోటు, ‘ఎక్స్‌ఎక్స్’ అంటే మార్చేసిన రేకు, ‘ఎస్’ అంటే తుప్పు. ‘ఎస్’ కనిపిస్తే బండి కిందికి వంగి చూడండి. మంచు పడే ప్రాంతాల్లో రోడ్ల మీద చల్లే ఉప్పు అక్కడే తింటుంది. సంవత్సరం దగ్గర 26 అని ఉంటే కంగారు పడకండి, అది జపాన్ వారి హెయిసెయ్ శకం 26వ ఏడు, అంటే 2014. మన లెక్కలో జయ నామ సంవత్సరం. కిలోమీటర్ల అంకె షీటులోనూ మీటరులోనూ పొంతన కుదరాలి. షీటు లేదంటే, వేరే డీలర్‌ను చూసుకోండి.

ఏడు సీట్ల ఆల్ఫాలో హైబ్రిడ్ బ్యాటరీ లిథియం అయాన్‌ది, ముందు సీట్ల మధ్యన ఉంటుంది. కొనేముందు డీలర్‌తో సంబంధం లేని మెకానిక్ చేత దాని పరిస్థితి చూపించండి. వారంట్ ఆఫ్ ఫిట్‌నెస్ (బండి భద్రత పరీక్ష పాసైందనే పత్రం) ఉందిగా అని సరిపెట్టుకోకండి. ఆ పరీక్ష చూసేది టైర్లు, బ్రేకులు, దీపాల వంటి భద్రత సంగతులే.

డీలర్ దగ్గర కొంటే 1993 వినియోగదారుల హామీల చట్టం మీ వెనుక ఉంటుంది, తగాదా వస్తే మోటారు వాహన వివాదాల ట్రిబ్యునల్ ఉంది. అందుకే మరమ్మతుల బీమా అంటూ వారు అదనంగా అంటగట్టేదాన్ని నేనైతే తీసుకోను. సొంతదారు దగ్గర కొంటే ధర తగ్గవచ్చు కానీ ఆ చట్టం వర్తించదు. బండి మీద పాత అప్పు ఉంటే అది బండితోపాటే మీ ఇంటికి వస్తుంది. అలాంటి అప్పులు నమోదయ్యే పీపీఎస్ఆర్ రిజిస్టరులో వెతకడానికి ఖర్చయ్యేది కొద్ది డాలర్లే.

చిన్నదాని సీటు బిగించే టెథర్ బోల్టు ఉందో లేదో చూడండి, కొన్ని జపాన్ బండ్లకు ఉండదు, వేయించాలి. ఆ ఖర్చు డీలర్ మీదే పెట్టండి.

మూడో వరుస సీట్లు లేపితే వెనుక సామానుకు చోటు చాలా తక్కువ. అత్తయ్య గారి సూట్‌కేసులు తలచుకుని, విమానాశ్రయానికి వెళ్లే ఆ ఒక్క రోజుకు వ్యాన్ అద్దెకు తీసుకోండి.