పన్నెండో తరగతికి ముందు స్కూలు మార్చాలా?

ప్రశ్న: మేం న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాం. మావారికి డాలస్‌లో మంచి ఉద్యోగం వచ్చింది, జూలైలో చేరాలి. మా అమ్మాయి ఇప్పుడు పదకొండో తరగతి. ఆఖరి ఏడాదిలో స్కూలు మారిస్తే మంచి కాలేజీలో సీటు రాదేమోనని నా భయం. మేం ఫోన్లో మాట్లాడుకుంటుంటే తను విన్నది. అప్పటి నుంచి గది తలుపేసుకుని కూర్చుంటోంది. పిల్లలు ఎక్కడైనా సర్దుకుంటారని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: స్కూలు మారినంత మాత్రాన సీటు పోదమ్మా. కాలేజీలకు రెండు స్కూళ్ల ట్రాన్‌స్క్రిప్టులూ (మార్కుల రికార్డులు) వెళ్తాయి. నాన్న ఉద్యోగం వల్ల మారాల్సి వచ్చిందని కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకు కలిపి నింపే ఆన్‌లైన్ దరఖాస్తు) అదనపు సమాచారం దగ్గర రెండు వాక్యాలు రాస్తే అర్థం చేసుకుంటారు.

ఇబ్బందల్లా సమయంతోనే. డాలస్ ఉన్న టెక్సాస్‌లో స్కూళ్లు ఆగస్టులో తెరుస్తారు. చాలా కాలేజీలకు ఎర్లీ దరఖాస్తుల (అందరికంటే ముందుగా పెట్టేవి) గడువు నవంబర్ 1. తనను సరిగా ఎరగని కొత్త కౌన్సెలర్ ఈ కాస్త వ్యవధిలోనే తన గురించి కాలేజీలకు పంపే స్కూల్ రిపోర్టు నింపాలి. పైగా అక్కడ హైస్కూల్ పాసవ్వాలంటే గవర్నమెంట్, ఎకనామిక్స్ సబ్జెక్టులు అర క్రెడిట్ చొప్పున ఉండాలి. అక్కడి పెద్ద ప్రభుత్వ యూనివర్సిటీ యూటీ ఆస్టిన్‌లో నేరుగా సీటు క్లాసు ర్యాంకును బట్టి ఇస్తారు. ఆఖరి ఏడాదిలో చేరినవాళ్లకు ర్యాంకు ఎలా లెక్కిస్తారో చేరకముందే ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌ను ఈమెయిల్‌లో అడిగి తెలుసుకోండి.

ఇవన్నీ తిరిగితే తీరే పనులే. మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది వేరే మాట. తన జీవితంలో ఇంత పెద్ద మార్పు గురించి ఆ పిల్లకు ఫోన్ మాటల్లో తెలిసింది. చిన్నప్పటి స్నేహితులు, తనను పేరుపెట్టి పిలిచే టీచర్లు, క్లబ్బులో ఇన్నేళ్లు కష్టపడితే ఈ ఏడాది దక్కాల్సిన బాధ్యత, అన్నీ ఒక్కసారిగా పోతున్నాయి. ఆరో తరగతి పిల్లలు సర్దుకున్నట్టు పదిహేడేళ్ల పిల్ల సర్దుకోలేదు. మీవారు ఈ తేడా గమనించాలి.

నన్నడిగితే, ఆయన ముందు వెళ్లడం మేలు. మీరూ అమ్మాయీ వచ్చే ఏడాది జూన్‌లో హైస్కూల్ గ్రాడ్యుయేషన్ అయ్యేదాకా ఎడిసన్‌లోనే ఉండండి. రెండు ఇళ్ల ఖర్చు, ఏడాది ఎడబాటు తేలికేం కాదు, నాకు తెలుసు. అయినా ఇది ఒక్క ఏడాది మాటే. టెక్సాస్‌లో ఇన్‌స్టేట్ ఫీజుకు (ఆ రాష్ట్రంవాళ్లకుండే తక్కువ కాలేజీ ఫీజు) సాధారణంగా 12 నెలల స్థిర నివాసం చూపాలి కాబట్టి ఆయన లీజు, ఉద్యోగం కాగితాలు మొదటి నుంచీ దాచుకోవాలి. కుటుంబం ఎడిసన్‌లో ఉండగా అది చెల్లుతుందో లేదో యూనివర్సిటీనే అడగండి. ఒకవేళ ఆయనకు ఎడిసన్‌లో ఉద్యోగం పోయి, హెచ్1బీ వీసావాళ్లకు కొత్త ఉద్యోగం వెతుక్కోడానికుండే 60 రోజుల గడువు నెత్తి మీద ఉండి మారుతున్నారా? అప్పుడు సంగతి వేరు. ఆ టెన్షన్ కూడా అమ్మాయికి దాచకుండా చెప్పండి.

ఈ వారాంతంలో మాట్లాడండి. మీరు కాదు, వాళ్ల నాన్నే మొదలుపెట్టాలి. “నీ మాట వినకుండా ఏదీ తేల్చను” అని ఆయన నోటితో చెబితేనే తలుపు తెరుచుకుంటుంది. తను కోప్పడితే పడనివ్వండి, మధ్యలో సర్దిచెప్పకండి.

అన్నీ విన్నాక “అందరం కలిసే వెళ్దాం” అని తనే అంటే వెళ్లండి. అలాగైతే మాత్రం పదకొండో తరగతి టీచర్లు ఇద్దరిని సిఫార్సు లేఖలు, పాత కౌన్సెలర్‌ను మరో లేఖ ఇప్పుడే అడగమనండి. జూన్‌లో సెలవులు మొదలయ్యాక వాళ్లు దొరకడం కష్టం.