ఖాళీ గోడ కోసం 3 లక్షల అప్పా?

ప్రశ్న: నా వయసు 36. మూడు నెలల కిందట నిజాంపేటలో సొంత ఫ్లాట్‌లోకి మారాం. జీతం చేతికి రూ.98,000 వస్తుంది. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. రూ.45 లక్షల గృహరుణానికి ఈఎంఐ రూ.38,300. ఇంటి ఖర్చు 28,000, పాప స్కూలు ఫీజు, వ్యాను 9,500, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,200. బ్యాంకులో 90,000 ఉన్నాయి. బీమా అంతా ఆఫీసు ఇచ్చిందే. హాల్లో సోఫా వెనక 14 అడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున్న గోడ బోసిగా ఉంది. లూవర్ ప్యానెళ్లు (నిలువు పట్టీల పలకలు), ప్రొఫైల్ లైట్లతో (సన్నని పట్టీ దీపాలు) చేయడానికి ఇంటీరియర్ వాళ్లు రూ.3 లక్షలు చెప్పారు. 15 శాతం వడ్డీకి మూడేళ్ల పర్సనల్ లోన్ దొరుకుతోంది. తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవద్దు. గృహప్రవేశమైన ఆరు నెలల్లోపు ఇంటీరియర్ కోసం రెండో అప్పు చేయడం ఇప్పుడు మామూలైపోయింది. అందుకే మీ ఉత్తరానికి వివరంగా జవాబిస్తున్నాను.

మీ నెల ఖర్చు రూ.79,000. ఉన్న 90,000 ముప్పై అయిదు రోజులు కూడా రావు. ఉద్యోగం పోయినా, జీతం రెండు నెలలు ఆగినా రెండో ఈఎంఐకే చేతులెత్తేయాల్సిన స్థితి మీది. ఒకే సంపాదన మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే రూ.4,74,000 అత్యవసర నిధిగా విడిగా ఉండాలి. ఇంకా 3,84,000 తక్కువ. నెలకు మిగిలే 19,000 మొత్తం అటే మళ్లిస్తే 20 నెలలు పడుతుంది. కింద చెప్పబోయే బీమా ప్రీమియంలు కూడా కట్టుకుంటూ పోతే దాదాపు రెండేళ్లు.

ఇప్పుడు లోన్ కలిపి చూడండి. రూ.3 లక్షలకు నెలకు సుమారు 10,400 కట్టాలి, మూడేళ్లలో వడ్డీయే 74,400. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉంటే జీఎస్టీతో కలిపి 7,080 ముందే కోసుకుంటారు. నెల మిగులు 19,000 నుంచి 8,600కు పడిపోతుంది. నెలనెలా తప్పక కట్టాల్సింది 89,400కు పెరుగుతుంది కాబట్టి అత్యవసర నిధి కూడా 5,36,400 కావాలి. అంటే అవసరం పెరిగింది, పోగుచేసే శక్తి సగానికి పైగా తగ్గింది. ఇన్ని లెక్కలు తెలిసిన వ్యక్తి ఒక గోడ కోసం ఈ పని చేయడం నాకు మింగుడుపడదు.

క్రెడిట్ కార్డు ఈఎంఐ అసలు వద్దు. బంగారం తాకట్టు, పీఎఫ్ విత్‌డ్రా గోడలకు కాదు. గృహరుణం మీద టాపప్, అంటే అదే రుణంపై ఇచ్చే అదనపు అప్పు, చవకగా కనిపిస్తుంది గానీ 8.75 శాతానికి 20 ఏళ్లు సాగదీస్తే వడ్డీ అసలును దాటిపోతుంది.

ఆఫీసు బీమా గురించి మరీ గట్టిగా చెప్పాలి. ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. మీకు ఏమైనా అయితే ఆ 45 లక్షల అప్పు మీ ఆవిడ నెత్తిన పడుతుంది. పదేళ్ల జీతం, గృహరుణం కలిపి రూ.1.6 కోట్లకు సొంత టర్మ్ పాలసీ (పాలసీ కాలంలో మనిషి పోతేనే కుటుంబానికి డబ్బు వచ్చే బీమా), కుటుంబానికి రూ.10 లక్షల ఆరోగ్య పాలసీ ఈ నెలలోనే తీసుకోండి. వ్యక్తిగత పాలసీల ప్రీమియం మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ లేదు. ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం, అంటే క్లెయిమ్ ఇవ్వని గడువు, ఉండొచ్చు, ఆలస్యం చేసిన కొద్దీ అదీ ఆలస్యంగా మొదలవుతుంది. ప్రపోజల్‌లో బీపీ, షుగర్, సిగరెట్ ఏదీ దాచవద్దు. అత్యవసర నిధిలో ఒక నెల ఖర్చు సేవింగ్స్‌లో, మిగతాది స్వీప్ ఎఫ్‌డీలో (సేవింగ్స్ ఖాతాకు ముడిపడి, అవసరమైతే డబ్బు దానంతటదే వెనక్కి వచ్చే డిపాజిట్) ఉంచితే చాలు.

ఇక గోడ. కొత్త భవనంలో ఒక వానాకాలం గడిచేదాకా ప్యానెళ్లు కొట్టించకపోవడమే మంచిది. బయటివైపు వాన తగిలే గోడైతే మరీను. చెమ్మ ప్యానెళ్ల వెనక దాక్కుంటుంది, ప్లైవుడ్ ఫ్రేము ఉబ్బుతుంది, చెదలు పడతాయి, బయటికి తెలిసేసరికి అంతా పీకాల్సి వస్తుంది. రెండడుగుల పాలిథీన్ షీటును నాలుగు వైపులా టేపుతో గోడకు బిగించి రెండు రోజులు ఉంచండి. షీటుకూ గోడకూ మధ్య నీటి చుక్కలు కనిపిస్తే ముందు ఆ చెమ్మ సంగతి బిల్డర్‌తో రాతపూర్వకంగా తేల్చుకోండి.

పొడిగా ఉంటే రూ.15,000 హద్దు పెట్టుకుని, ఆ నెల మిగులులోంచే చేయండి. గోడ 133 చదరపు అడుగులు. రెండు కోటింగులకు రెండు లీటర్ల ఎమల్షన్, కాస్త పుట్టీ, పెయింటర్‌కు ఒకరోజు కూలి. 14 అడుగులూ నింపాలని చూడకండి. సోఫా ఏడడుగులైతే దాని పైన నాలుగున్నర నుంచి అయిదడుగుల వెడల్పున ఒకే పెద్ద వస్తువు చాలు. పెడన అద్దకం గుడ్డ కొని పైనా కిందా కర్ర రూళ్లు తొడిగి వేలాడదీయవచ్చు. చేర్యాల నకాషీ పటం, నిమ్మలకుంట తోలుబొమ్మ కూడా బాగుంటాయి. కింది అంచు సోఫా వీపుకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పైన ఉండాలి. ఎండ నేరుగా పడేచోట పెడితే సహజరంగులు వెలిసిపోతాయి.

మేకు కొట్టకండి, ప్లాస్టరింగ్ ఊడుతుంది. 6 ఎంఎం బిట్‌తో డ్రిల్ చేసి ప్లాస్టిక్ గిట్టీ, స్క్రూ వేయండి. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టవద్దు, లోపల వైర్ల పైపు ఉంటుంది.

ఇంటీరియర్ వాళ్లకు అడ్వాన్స్ ఇంకా ఇవ్వకపోతే ఇవాళే వద్దని చెప్పేయండి. ఇచ్చి ఉంటే సామాను కోత మొదలుకాకముందే ఆర్డర్ ఆపమని మెయిల్ పెట్టి, వాపసు ఎంతో రాసివ్వమనండి.