ఐఐఎస్ సైటుకు వేరే మెషీన్‌లోని షేర్డ్ ఫోల్డర్ పర్మిషన్ ఎలా ఇవ్వాలి?

షేర్డ్ ఫోల్డర్‌లోని ఫొటోలు మీ లాగిన్‌తో తెరుచుకుంటున్నా, సైటులో ‘యాక్సెస్ డినైడ్’ అని వస్తోందంటే, అక్కడ ఫోల్డర్‌ను అడుగుతున్నది మీరు కాదు, విండోస్‌లో సైటును నడిపే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఐఐఎస్.

ఐఐఎస్ 7.5 నుంచి అప్లికేషన్ పూల్ (సైటు కోడ్ నడిచే విడి ప్రాసెస్) డిఫాల్టుగా సొంత వర్చువల్ అకౌంట్‌తో నడుస్తుంది. ఆ అకౌంట్ మెషీన్ గడప దాటదు. నెట్‌వర్క్‌లో అది వెబ్ సర్వర్ కంప్యూటర్ అకౌంట్‌గానే కనిపిస్తుంది. కాబట్టి విండోస్ డొమైన్ (కంప్యూటర్లు, యూజర్ల అకౌంట్లను ఒకేచోట నిర్వహించే నెట్‌వర్క్) ఉంటే, ఫోల్డర్ ఉన్న ఫైల్ సర్వర్‌లో ‘వెబ్01$’ లాంటి ఆ పేరుకే పర్మిషన్ ఇవ్వాలి. వెతికితే దొరకడం లేదా? ‘ఆబ్జెక్ట్ టైప్స్’లో ‘కంప్యూటర్స్’ టిక్ చేయండి. కానీ ఇలా ఇస్తే ఆ సర్వర్‌లో అలాగే నడిచే ఇతర పూల్స్‌కూ దారి తెరుచుకుంటుంది. అందుకే ఆ పూల్‌కు విడిగా సర్వీస్ అకౌంట్ (ఆ పని కోసమే చేసిన డొమైన్ యూజర్) పెట్టి, పర్మిషన్ దానికే ఇవ్వమంటాను. డొమైన్ లేకపోతే రెండు మెషీన్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో లోకల్ యూజర్‌ను చేసి, పూల్‌ను ఆ యూజర్‌తో నడిపితే చాలు.

లాగిన్ లేకుండా సైటు చూసేవారికి వర్తించే అనానిమస్ ఆథెంటికేషన్‌లో, డిఫాల్ట్ అకౌంట్ ‘ఐయూఎస్ఆర్’ బదులు ‘అప్లికేషన్ పూల్ ఐడెంటిటీ’ ఎంచుకోవడం మర్చిపోవద్దు.

పర్మిషన్ షేరింగ్ ట్యాబ్‌లోనూ, సెక్యూరిటీ ట్యాబ్‌లోనూ ఇవ్వాలి. రెండింట్లో ఏది తక్కువైతే అదే చెల్లుతుంది. దయచేసి రెండుచోట్లా ‘ఎవ్రీవన్’కు ఫుల్ కంట్రోల్ ఇచ్చేయకండి. చూపించడానికి రీడ్ సరిపోతుంది.

పాత్ ‘జెడ్:’ అని కాకుండా ‘\\ఫైల్‌సర్వర్\ఫొటోలు’ తరహాలో ఇవ్వండి. మ్యాప్ చేసిన డ్రైవ్ మీ లాగిన్‌కే కనిపిస్తుంది.