పోయిన క్రిస్మస్ బాకీ తీరలేదు, ఈ క్రిస్మస్‌కి మళ్లీ అప్పు చేయాలా?

ప్రశ్న: మాది గాజువాక. మావారు పరవాడ ఫార్మా సిటీలో పని చేస్తారు, చేతికి 42,000 వస్తుంది. నేను ఇంట్లో బట్టలు కుడతాను. మామూలు నెలల్లో 9,000, క్రిస్మస్, సంక్రాంతి సీజన్లో 15,000 దాకా వస్తుంది. పోయిన క్రిస్మస్ ఖర్చంతా క్రెడిట్ కార్డు మీద కానిచ్చేశాం. ఇంకా 62,000 బాకీ ఉంది. నెలకు 3,100 కడుతున్నా తరగడం లేదు. ఎనిమిదో తరగతి చదువుతున్న పాప ఇంటర్ కోసమని లక్ష రూపాయల ఎఫ్‌డీ ఉంది, వడ్డీ 6.75 శాతం. దాన్ని ముట్టుకోవడానికి మావారు ఒప్పుకోరు. ఈసారి అత్తగారింట్లో అందరూ కలుస్తున్నారు. బట్టలకు 18,000, న్యూ ఇయర్‌కి అరకు 12,000, భోజనాలు, పిండివంటలు 7,000, చర్చి కానుక 5,000, స్టారు, లైట్లు, కేకు 3,000, మొత్తం 45,000 లెక్క తేలింది. చేతిలో 12,000 ఉంది. ఒక యాప్ వాళ్లు ‘నెలకు 1.8 శాతమే’ అని ఏడాది గడువుతో 50,000 ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా? వచ్చే ఏడాదికైనా ఇబ్బంది లేకుండా మా వీధిలో ఒకావిడ నడిపే క్రిస్మస్ స్కీములో చేరనా? నెలకు 500 కడితే డిసెంబరులో సరుకులు, చీర ఇస్తారట. – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముందు పోయిన క్రిస్మస్ సంగతి తేల్చుకుందాం. ఈ క్రిస్మస్ గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు.

మీ కార్డు బిల్లు తీసి వడ్డీ ఎంత పడుతోందో ఒకసారి చూడండి. చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం అటూ ఇటూగా ఉంటుంది. 62,000 మీద మూడున్నర శాతమంటే 2,170. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 390. అంటే మీరు కట్టే 3,100లో 2,560 వడ్డీకీ పన్నుకీ పోతోంది. అసలులో తగ్గేది 540 రూపాయలు. తరగడం లేదని మీకు అనిపించడంలో తప్పేమీ లేదు, నిజంగానే తరగడం లేదు.

ఇప్పుడు మీవారికి ఈ లెక్క చూపించండి. ఎఫ్‌డీలోంచి 62,000 తీస్తే మీరు వదులుకునే వడ్డీ నెలకు దాదాపు 350. ముందే తీసినందుకు బ్యాంకు అర శాతమో ఒక శాతమో కోత వేస్తుంది, వేయనివ్వండి. నెలకు 350 సంపాదించే డబ్బును కదపకూడదని, నెలకు 2,560 తినేసే బాకీని మేపుతున్నారు. పాప చదువు డబ్బు మీద ఆయనకున్న పట్టింపు మంచిదే. కానీ ఆ చదువు డబ్బును ఇప్పుడు తింటున్నది ఈ కార్డే. కొన్ని బ్యాంకులు ఎఫ్‌డీలో కొంతభాగం మాత్రమే తీసుకోనిస్తాయి. మీ బ్యాంకు కుదరదంటే మొత్తం తీసి, మిగిలిన 38,000, కోత వల్ల కొద్దిగా తగ్గినా సరే, ఆ రోజే మళ్లీ వేసేయండి. సేవింగ్స్ ఖాతాలో ఉంచితే డిసెంబరు నెలలో ఆ డబ్బు ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

యాప్ అప్పు వద్దు. ‘నెలకు 1.8’ అని వాళ్లు చెప్పేది ఫ్లాట్ వడ్డీ. ప్రతి నెలా అసలు తీరుస్తున్నా, ఏడాది పొడవునా మొదటి 50,000 మీదే వడ్డీ వేస్తారు. నెలకు 5,067 కట్టాలి. నిజానికి వడ్డీ ఏడాదికి దాదాపు 38 శాతం పడుతుంది, ప్రాసెసింగ్ ఫీజు కలిపితే ఇంకా ఎక్కువ. అప్పు ఇచ్చేవాళ్లు ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. అందులో ఏపీఆర్ అనే అంకె, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే వడ్డీ శాతం, ఉంటుంది, ఎవరు అప్పు ఇస్తామన్నా ముందు అదే అడగండి.

ఇక పండగ. 45,000 పండగ ఈసారి కుదరదు. చేతిలో 12,000, సీజన్లో మీకు అదనంగా వచ్చే కుట్టుకూలి 6,000, మొత్తం 18,000. ఆ పరిధిలోనే చేయాలి.

చర్చి కానుకకు నేను కత్తెర వేయను. అది మీకూ దేవుడికీ మధ్య సంగతి. అప్పు తెచ్చి మాత్రం వేయకండి. భోజనాలు, పిండివంటలు ఆరు వేలల్లో లాగొచ్చు. గులాబీ పువ్వులు, కజ్జికాయలు, జంతికలు తోటికోడలు, ఆడపడుచుతో కలిసి ఒకరింట్లోనే వండుకుంటే నూనె, గ్యాస్ ఖర్చు ముగ్గురికీ పంచినట్టు అవుతుంది. మటన్ బిర్యానీ బదులు చికెన్ చేస్తే ఎవరూ అలిగి వెళ్లిపోరు. పోయినేటి స్టారు, లైట్లు అటక మీద ఉండే ఉంటాయి, దించి వెలిగించి చూడండి. కేకుతో కలిపి 1,500 చాలు.

బట్టల దగ్గరే అసలు చిక్కు. డబ్బు కంటే మాట పడటమే ఎక్కువ భయం, నాకు తెలుసు. ఆడపడుచుకు చీర పెట్టకపోతే వచ్చే పండగ దాకా ఆ మాట నడుస్తుంది. అందుకే ఈ సంగతి కొనడానికి వెళ్లకముందే, ఈ వారంలోనే, మీవారి నోటితో వాళ్లమ్మగారికి చెప్పించండి. కోడలు చెబితే పిసినారితనం అంటారు, కొడుకు చెబితే ఇబ్బంది అంటారు. పిల్లలకు, అత్తమామలకు బట్టలు. తక్కిన పెద్దవాళ్లంతా చీటీలు వేసుకుని, ఎవరికి ఎవరి పేరు వస్తే వాళ్లకు 500 లోపు ఒక కానుక. ఆఫీసుల్లో ‘క్రిస్మస్ ఫ్రెండ్’ అని ఆడే ఆటే ఇది, ఇంట్లో ఇంకా సరదాగా ఉంటుంది. పిల్లల బట్టలు రెడీమేడ్ కొనకండి, గుడ్డ తీసుకోండి, మెషీన్ మీ ఇంట్లోనే ఉంది కదా. కాకపోతే బయటి ఆర్డర్ల హడావిడిలో సొంత పిల్లల గౌను 24 రాత్రి దాకా మిగిలిపోతుంది. టైలర్ల ఇళ్లలో ఇది మామూలే, కాబట్టి ముందు వాళ్లవి కుట్టి పక్కన పెట్టేయండి. మొత్తం 5,500లో తేలుతుంది.

అరకు మానమనను, వాయిదా వేయమంటాను. డిసెంబరు ఆఖరులో అక్కడ గది దొరకడమే కష్టం, దొరికితే అద్దె మామూలు రోజుల్లా ఉండదు. సంక్రాంతి సెలవులయ్యాక ఒక శనివారం పొద్దున్నే అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కితే సొరంగాలు అవే, చలీ ఉంటుంది. వలిసె పూలు అప్పటికి అయిపోతాయి, ఆ ఒక్కటే లోటు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, ముందే చూసుకోండి. 26న పిల్లల్ని వన్‌టౌన్‌లో రాస్ హిల్ మీదున్న మేరీమాత చర్చికి తీసుకెళ్లండి. పక్క కొండల మీద దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి, కింద హార్బరు, ఎదురుగా డాల్ఫిన్ నోస్. ఆటో ఖర్చు తప్ప ఇంకేం లేదు. గాజువాకలోనే ఉంటూ అది చూడని పిల్లలు చాలామంది ఉన్నారు.

మీ వీధి స్కీములో చేరకండి. ఆవిడ మంచిదే కావచ్చు. కానీ చేతిలో ఒక పుస్తకం మీద సంతకం తప్ప మీకు ఏ ఆధారమూ ఉండదు. చట్టప్రకారం నడిచే చిట్‌ఫండ్ చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర నమోదై ఉండాలి, ఇది ఆ కోవలోకి రాదు. అదే పని బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్) చేస్తుంది. కార్డు బాకీ తీరితే నెలకు 3,100 మిగులుతుంది. అందులో 1,500 ఈ డిసెంబరు మొదటివారం నుంచే పన్నెండు నెలల ఆర్‌డీ కట్టండి. 6.5 శాతం లెక్కన వచ్చే డిసెంబరుకి 18,000, పైన ఆరు వందల చిల్లర వడ్డీ చేతికొస్తుంది. మిగతా 1,600 పాప పేరు చెప్పి వేరే ఆర్‌డీ వేయండి. ఇంటర్‌కి ఇంకా రెండున్నరేళ్లుంది, అప్పటికి మీరు కట్టిందే 48,000 అవుతుంది, వడ్డీ అదనం. వచ్చే రెండు సీజన్ల అదనపు కుట్టుకూలి పండగకు కాకుండా దానికే కలిపితే ఎఫ్‌డీలోంచి తీసింది చాలావరకు పూడుతుంది.

కార్డు కట్టే ముందు ఒక జాగ్రత్త. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, ఈ రోజు కట్టేస్తే పూర్తిగా ఎంత అవుతుందో అడగండి. బిల్లు వచ్చిన రోజు నుంచి కట్టిన రోజు దాకా వడ్డీ విడిగా పడుతుంది, అది తర్వాతి నెల బిల్లులో కొన్ని వందల రూపాయలుగా కనిపిస్తుంది. కంగారు పడకుండా అదీ కట్టేయండి. అది సున్నా అయ్యేదాకా కార్డు మీద ఏదీ కొనకండి. పాత బాకీ నడుస్తుండగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు వర్తించదు, కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. క్రిస్మస్ కేకుకైనా సరే.