ఇన్‌బాస్కెట్ పని నీకు పడిందంట కదా చిట్టీ

చిట్టీ, మీ క్లినిక్‌లో ఎపిక్ ఇన్‌బాస్కెట్ (అదే, మెడికల్ రికార్డుల సాఫ్ట్‌వేర్‌లో డాక్టరుకి మెసేజీలు, రిజల్ట్స్, రీఫిల్ అడిగేవి అన్నీ వచ్చిపడే డబ్బా) బాగుచేసే పని నీ నెత్తిన పెట్టారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఇక్కడ అమెరికాలో ముప్పై ఏళ్లు ప్రాక్టీస్ చేసిన పెదనాన్నగా ఒక్కటే చెప్తా, రిప్లై ఎంత ఫాస్ట్‌గా ఇవ్వాలి అన్న దగ్గర మొదలుపెట్టకు. డాట్ ఫ్రేజులు (చిన్న మాట కొడితే ముందే రాసిపెట్టుకున్న పేరా వచ్చేవి), ఏఐ రాసిచ్చే రిప్లై డ్రాఫ్టులు అన్నీ మంచివే, కానీ వచ్చేవి తగ్గకపోతే కట్ట తెగిన చెరువుని చేటతో తోడినట్టే.

ముందు ఓ వారం ఏ మెసేజీ ఎందుకొచ్చిందో లెక్క రాయి. అందరూ పేషంట్లని తిట్టుకుంటారు గానీ చాలా చెత్త మనవాళ్లు పంపేదే, స్పెషలిస్టు తన నోట్ సీసీ కొడతాడు, అడ్మిట్ అయితే ఒకటి, డిశ్చార్జ్ అయితే ఇంకోటి. వాటిలో నువ్వు చెయ్యాల్సిన పనేమీ లేనివి ఆపించెయ్. స్టేబుల్‌గా ఉన్న బీపీ, థైరాయిడ్ మాత్రలు 90 రోజులకి, మూడు రీఫిల్స్‌తో రాస్తే ఏడాది దాకా వాటికి రీఫిల్ అడిగే మెసేజీల గోల ఉండదు, మిగతావి ప్రోటోకాల్ రాసి నర్సుకో ఫార్మసిస్టుకో ఇవ్వొచ్చు.

పూల్స్, అంటే టీమ్ అంతా కలిసి చూసే ఉమ్మడి డబ్బాలు, వాటి దగ్గర మాత్రం జాగ్రత్తమ్మా. నేను పనిచేసిన ఒకచోట అన్నీ పూల్‌లో పడేశాం, అబ్బ హాయిగా ఉందనుకున్నాం. ఓసారి ఒకాయన పొటాషియం ఉండాల్సినదానికన్నా ఎక్కువగా 5.8 వస్తే టీమ్‌లో ఒకావిడ చూసిందనుకుని ఇంకొకావిడ, వాళ్లు చూశారనుకుని నేను, మూడ్రోజులు అలాగే ఉండిపోయింది. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు. ఆయనకేమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకోటి, పూల్‌లో ఒకళ్లు డన్ నొక్కితే అందరి దగ్గరా పోతుంది. అందుకే ఏ పూట ఎవరిదో పేరు రాసి పెట్టు, వాళ్లు లీవ్ పెడితే బదులెవరో కూడా.

అర్జెంట్ విషయం ఇన్‌బాస్కెట్‌లో పెట్టకూడదని స్టాఫ్‌కి గట్టిగా చెప్పు, ఫోన్ చెయ్యమను.

రిజల్ట్స్ సంగతికొస్తే, 2021 ఏప్రిల్‌లో రిజల్ట్ పేషంట్‌కి చూపించకుండా ఆపకూడదన్న క్యూర్స్ యాక్ట్ రూల్ వచ్చాక చాలాసార్లు మనకన్నా ముందే పేషంట్ మైచార్ట్‌లో (ఎపిక్ వాళ్ల పేషంట్ యాప్) చూసేస్తున్నాడు, ఎర్ర గుర్తు కనపడితే రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడతాడు, ఆయన తప్పేముంది. టెస్ట్ రాసేటప్పుడే "ముందు మీకే కనిపిస్తుంది, నేను రెండ్రోజుల్లో రాస్తా" అని చెప్పు, ఆ రాత్రి మెసేజీలు చాలావరకు రావు.

ఆ వారం లెక్క అయ్యాక నాకు పంపు, ఆదివారం ఫోన్లో కూర్చుని చూద్దాం. పేషంట్ల పేర్లు మాత్రం తీసేసి పంపవే తల్లీ.