గేజ్ గ్లాస్ ఒకటి చెబుతుంది, స్క్రీన్ ఇంకోటి చెబుతుంది: బాయిలర్‌లో నీటి మట్టానికి దేన్ని నమ్మాలి?

మీరు రెండు విషయాలు అడిగారు. ఆవిరి బాయిలర్‌లో నీటి మట్టం ఎలా కొలుస్తారనేది ఒకటి. డ్రమ్ (నీళ్లూ ఆవిరీ ఉండే బాయిలర్ పాత్ర) దగ్గరున్న గేజ్ గ్లాస్‌కీ కంట్రోల్ రూమ్ స్క్రీన్ రీడింగ్‌కీ తేడా వస్తే ఏది నిజమనేది రెండోది. బాయిలర్ హౌస్‌లో ఇన్‌స్ట్రుమెంట్ పని చూసినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను.

ముందు గేజ్ గ్లాస్ సంగతి. డ్రమ్‌కి పైన ఆవిరి వైపు ఒక కనెక్షన్, కింద నీటి వైపు ఒక కనెక్షన్, మధ్యలో గ్లాసు. తక్కువ పీడనానికి మామూలు గాజు గొట్టం సరిపోతుంది. కాస్త పెద్ద బాయిలర్లకు రిఫ్లెక్స్ గ్లాస్ పెడతారు. దాని వెనక వైపు గాడులుంటాయి, అందువల్ల నీళ్లున్న చోట నల్లగా, ఆవిరి ఉన్న చోట వెండిలా మెరుస్తూ కనిపిస్తుంది. ఇంకా ఎక్కువ పీడనంలో వేడి నీటికి గాజే అరిగిపోతుంది కాబట్టి లోపలి వైపు మైకా పలక వేస్తారు. నీళ్లు ఆకుపచ్చగా, ఆవిరి ఎర్రగా కనిపించే రెండు రంగుల గేజ్‌లు కూడా ఉన్నాయి.

గ్లాసులో కళ్లారా చూస్తున్నాం కదా, ఇక తప్పెక్కడ అనుకుంటాం. కానీ గ్లాసు డ్రమ్ బయట ఉంటుంది, అందులో నీళ్లు కొంత చల్లారతాయి. చల్లారిన నీళ్లు బరువెక్కువ. లోపలి తేలిక నీళ్లతో తూగడానికి వాటికి తక్కువ ఎత్తు చాలు. ఉదాహరణకి 40 బార్ పీడనం దగ్గర డ్రమ్ నీళ్లు 250 డిగ్రీలుంటాయి, ఘనమీటరుకి సుమారు 800 కిలోలు. గ్లాసులో నీళ్లు 150 డిగ్రీలకి దిగాయనుకుంటే సుమారు 917 కిలోలు. అప్పుడు కింది కనెక్షన్ నుంచి గ్లాసులో 200 మిల్లీమీటర్లు కనిపిస్తే డ్రమ్‌లో దాదాపు 230 ఉన్నట్టు. పీడనం పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది. అంటే బాగున్న గ్లాసు ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది.

పాడైన గ్లాసు మాత్రం ఎక్కువ చూపిస్తుంది. నీటి వైపు దారి మూసుకుపోతే పైన చల్లారిన ఆవిరి నీరై దిగుతుంది, పోవడానికి దారి ఉండదు, గ్లాసు మెల్లగా నిండిపోతుంది. ఆవిరి వైపు మూసుకుపోయినా పైనున్న ఆవిరి నీరై, అక్కడ పీడనం తగ్గి, నీళ్లు పైకి ఎక్కుతాయి. రెండు సందర్భాల్లోనూ చూసేవాళ్లకి నీళ్లు పుష్కలంగా ఉన్నట్టే ఉంటుంది. అందుకే నేను ముందు గ్లాసులో నీటి అంచు కదులుతోందా లేదా చూస్తాను. నడుస్తున్న బాయిలర్‌లో అది కొద్దికొద్దిగా ఊగుతూ ఉంటుంది. గీత గీసినట్టు నిలబడితే వెంటనే గ్లాసు బ్లో చేయాల్సిందే.

బ్లో చేయడమంటే: పక్కకి నిలబడి, ఫేస్ షీల్డ్ పెట్టుకుని, ఆవిరి వైపు, నీటి వైపు ఉన్న రెండు కాక్‌లూ (చిన్న వాల్వులు) మూసి డ్రెయిన్ తెరవాలి. గ్లాసు ఖాళీ అయ్యాక ఏమీ రాకూడదు. వస్తే కాక్ పాసింగ్ అవుతోందన్నమాట, అంటే మూసినా కారుతోందని. తర్వాత నీటి కాక్ ఒక్కటే తెరిస్తే నీళ్లు జోరుగా రావాలి. అది మూసి ఆవిరి కాక్ తెరిస్తే ఆవిరి జోరుగా రావాలి. మళ్లీ అన్నీ మూసి, ముందు నీటి కాక్, ఆ తర్వాత ఆవిరి కాక్ తెరవాలి. నీళ్లు పైదాకా ఎక్కి, ఆవిరి తెరవగానే గబుక్కున తమ మట్టానికి దిగాలి. బద్ధకంగా దిగితే ఎక్కడో సగం మూసుకుపోయిందని అర్థం. ఇది షిఫ్ట్‌కోసారి చేయాల్సిన పని. లాగ్‌బుక్‌లో టిక్ కొట్టి వదిలేసేవాళ్లని చాలామందినే చూశాను.

ఇక స్క్రీన్ మీది అంకె. అది ఎక్కువగా డీపీ ట్రాన్స్‌మీటర్ నుంచి, అంటే రెండు వైపుల పీడనాల తేడాని కొలిచే పరికరం నుంచి వస్తుంది. ఆవిరి వైపు ఒక కండెన్సేట్ పాట్ (ఆవిరి చల్లారి నీరయ్యే చిన్న పాత్ర) ఉంటుంది, దాని కింది పైపు ఎప్పుడూ నీళ్లతో నిండి ఉండాలి. ఆ బరువుకీ డ్రమ్ నీటి బరువుకీ తేడాని ట్రాన్స్‌మీటర్ కొలుస్తుంది. మట్టం తగ్గితే తేడా పెరుగుతుంది. దీంతో చిక్కేమిటంటే, ఆ పైపులో నీళ్లు కారిపోయినా, మానిఫోల్డ్‌లో (ట్రాన్స్‌మీటర్ దగ్గరి వాల్వుల దిమ్మ) రెండు వైపులనీ కలిపే ఈక్వలైజింగ్ వాల్వ్ పాసింగ్ అయినా తేడా తగ్గి మట్టం ఎక్కువగా కనిపిస్తుంది. ఒకచోట లెవెల్ రోజురోజుకీ పెరుగుతున్నట్టు చూపిస్తుంటే అందరూ బాయిలర్‌లోకి వెళ్లే నీటిని నియంత్రించే ఫీడ్ కంట్రోల్ వాల్వ్‌ని అనుమానించారు. చివరికి చూస్తే ఈక్వలైజింగ్ వాల్వ్ కొద్దిగా పాసింగ్. పని పీడనానికి సెట్ చేసిన ట్రాన్స్‌మీటర్ చల్లని స్టార్టప్‌లో కూడా ఎక్కువే చూపిస్తుంది. డ్రమ్ పీడనాన్ని బట్టి సరిచేసే లెక్క పెట్టి ఉంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

కాబట్టి మీ ప్రశ్నకి నా లెక్క ఇది. గ్లాసు స్క్రీన్ కంటే కొంచెం తక్కువ ఉంటే, ఆ తేడా మీ పీడనానికి తగ్గట్టుంటే, కంగారు పడకండి. తేడా అంతకు మించితే ట్రాన్స్‌మీటర్ పైపులు, మానిఫోల్డ్ చూడండి. గ్లాసే స్క్రీన్ కంటే ఎక్కువ చూపిస్తే ముందు గ్లాసు బ్లో చేయండి.

ఇంకో సంగతి, లోడ్ (ఆవిరి వాడకం) ఒక్కసారిగా పెరిగినప్పుడు అన్నీ కలిసి మోసం చేస్తాయి. పీడనం పడి నీటిలోని బుడగలు ఉబ్బి, పాలు పొంగినట్టు మట్టం పైకి లేస్తుంది. నిజానికి నీళ్లు తగ్గుతుంటాయి. ఒక కొత్త ఆపరేటర్ అది చూసి టెన్షన్‌లో ఫీడ్ వాటర్ తగ్గించేశాడు, కాసేపటికే నీళ్లు మరీ తగ్గి, లో లెవెల్‌లో బాయిలర్ ట్రిప్ అయింది, అంటే తనంతట తానే ఆగిపోయింది. అందుకే పెద్ద బాయిలర్లలో మట్టంతో పాటు ఆవిరి ప్రవాహం, ఫీడ్ వాటర్ ప్రవాహం కూడా చూసి వాల్వ్‌ని నడుపుతారు.

ట్రిప్‌కి ఫ్లోట్ స్విచ్ గానీ, కండక్టివిటీ ప్రోబ్ గానీ విడిగా ఉంటుంది. నీటిలో కరెంటు పారుతుంది, ఆవిరిలో దాదాపు పారదు, ప్రోబ్ సూత్రం అంతే. కంట్రోల్‌కి వాడే ట్రాన్స్‌మీటర్ మీదే ట్రిప్ కూడా ఆధారపడేలా పెట్టడం నాకు అసలు నచ్చదు. ఒక్క పైపు మూసుకుపోతే రెండూ పోతాయి.

గ్లాసులో నీళ్లు కనిపించకపోతే, బ్లో చేసి చూసినా రాకపోతే, మంట ఆపేయండి. ఆ స్థితిలో హడావిడిగా ఫీడ్ పంప్ మాత్రం వేయకండి, కాలిన ట్యూబుల మీద నీళ్లు పడితే ప్రమాదం. మీ బాయిలర్ పీడనం, రెండు కనెక్షన్ల మధ్య దూరం, రెండు రీడింగ్‌లూ రాస్తే ఎంత తేడా రావాలో లెక్క వేసి చెబుతాను.